కార్యవిధాన నిర్వహణ సాఫ్ట్‌వేరు – గోదావరిఖని గనుల దృష్టాంతముతో

ఒక సంస్థలో ఒక పని ఎవరి చేత మొదలు కావలెనో, మొదలైన పిమ్మట ఎవరి చేతికి పోవలెనో, ఏ చేతిలో ఎంతకాలము నిలువవచ్చునో, ఎవరి సమ్మతి లేనిదే ముందునకు సాగరాదో ముందుగనే నిర్ణయించి, ఆ నిర్ణయమును కంప్యూటరునకు అప్పగించి, సాగిన ప్రతి అడుగునకును కాలముతోడను కర్త పేరుతోడను గుర్తు నిలుపు సాధనమునకు కార్యవిధాన నిర్వహణ సాఫ్ట్‌వేరని పేరు. వ్యాపార సంస్థలవారు దీనిని బీపీఎం అనియు, అందలి ప్రధానాంశమును వర్క్‌ఫ్లో అనియు వ్యవహరింతురు. లెక్కల సాఫ్ట్‌వేరు జరిగిపోయినదానిని వ్రాసి దాచును. ఇది జరుగవలసినదానిని నడిపించును. ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును గాని, తన కాగితము ఏ బల్లమీద ఆగియున్నదో తెలియక నెలల తరబడి ఆఫీసు మెట్లెక్కి దిగిన మనిషికి దీని విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సాధనపు స్వభావమును తెలిసికొనుటకు నగరములలోని అద్దాల మేడలకంటె, గోదావరి దక్షిణపుటొడ్డున, నేటి పెద్దపల్లి జిల్లాలో, రామగుండమునకును గోదావరిఖనికిని చుట్టుపట్ల వ్యాపించిన సింగరేణి బొగ్గు గనులే తగిన చోటని నేను తలంచుచున్నాను. ఏలయన, బొగ్గుబాయిలో విధానము సౌకర్యార్థము పుట్టినది కాదు, ప్రాణరక్షణార్థము పుట్టినది. మొదటి షిఫ్టు కార్మికుడు మస్టరు వేయించుకొని, ల్యాంపు రూములో క్యాపు ల్యాంపు పుచ్చుకొని, పని చోటికి చేరుటకు ముందే మైనింగు సర్దారు తన డిస్ట్రిక్టును, అనగా గనిలో తన వంతు భాగమును, అంతయు తిరిగి, పైకప్పు నిలకడను, గాలి రాకపోకలను, వాయువుల జాడను పరీక్షించి, పుటల సంఖ్య వేసిన పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. ఓవర్‌మన్ తన తనిఖీని తాను వేరుగా వ్రాయవలెను. మ్యాగజైను నుండి ఎంత పేలుడు మందు తీసికొనిరో, ఎంత పేల్చిరో, ఎంత తిరిగి అప్పగించిరో లెక్క కలియవలెను. అండర్ మేనేజరును మేనేజరును ఈ వ్రాతలను చదివితిమని సంతకములతో ఒప్పుకొనవలెను. 1952 నాటి గనుల చట్టమును, దాని క్రింద 1957లో వెలువడి 2017లో నూతన రూపము దాల్చిన బొగ్గు గనుల నిబంధనలును ఈ వరుసను శాసించినవి. కావున కంప్యూటరను మాట ఈ నేలమీద వినబడని నాడే కార్యవిధాన నిర్వహణ ఇచ్చట కాగితముపై, బొగ్గు మసి అంటిన వ్రేళ్ళతో, దినమునకు మూడు షిఫ్టులు నడచుచుండెను.

ఆ కాగితము పెరిగిన చరిత్ర సంస్థ చరిత్రయే. భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. ఇంగ్లండున 1886లో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వకపు హక్కును పొంది 1889లో పని ప్రారంభించెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరున నమోదయ్యెను. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధిక భాగమును వశపఱచుకొనెను. నేడు అందు 51 పాళ్ళు తెలంగాణ రాష్ట్రమువి, 49 పాళ్ళు కేంద్ర ప్రభుత్వమువి. ప్రధాన కార్యాలయము కొత్తగూడెమున నిలిచియుండగా, గనులు ఉత్తరమునకు ప్రాకి గోదావరిని చేరినవి. 1983లో రామగుండమున ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్ నడచినది మొదలు ఈ బొగ్గునకు గుమ్మములోనే గొప్ప వినియోగదారు దొరకెను. 1990 దశకపు తొలినాళ్ళలో లక్షకు మించిన కార్మికులుండిరి. అటుపిమ్మట ఆ సంఖ్య తగ్గుచు రాగా, ఓపెన్‌కాస్టుల (పైనుండి తెఱచి త్రవ్వు గనుల) బలముతో ఉత్పత్తి పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరెను. మనుషులు తగ్గి, యంత్రములును కొనుగోళ్ళును కాంట్రాక్టులును పెరిగిన సంస్థలో కాగితములు తగ్గవు, వాని నడకయే మఱింత చిక్కుపడును.

మస్టరు నొక్కదానినే తీసికొనిన ఈ చిక్కు స్పష్టమగును. బయటివారికి మస్టరన్నది హాజరు పట్టీ మాత్రమే. బాయి మనిషికి అది జీవనాధారపు మూలధనము. 1952 నాటి గనుల చట్టము అమలులో నున్న కాలమున, భూగర్భమున పనిచేయువానికి సంవత్సరమున 190 మస్టర్లును, ఉపరితలమున పనిచేయువానికి 240 మస్టర్లును నిండినగాని ఆ సంవత్సరపు సర్వీసు పూర్తియైనట్లు కాకుండెను. అది పూర్తియైనగాని జీతముతోడి సెలవు లెక్కకు రాకుండెను. ఆ సెలవైనను లోపల 15 దినముల పనికి ఒకటియు, పైన 20 దినముల పనికి ఒకటియు చొప్పున కట్టబడుచుండెను. ఒకనాడు మస్టరు పొరబాటున పడకపోయినచో అది నాగాగా మిగులును; ఆ నాగా నెల జీతమునుండి సెలవు లెక్కకును, సెలవునుండి సర్వీసు లెక్కకును, లాభాల వాటాకును నీడవలె సాగును. దానిని సరిచేయింపవలెనన్న మనిషి టైమ్ ఆఫీసునకు పోవలెను, ఓవర్‌మన్ చేత వ్రాయించుకొనవలెను, మేనేజరు సంతకము పొందవలెను, ఆ కాగితము ఏరియా ఆఫీసునకు చేరవలెను. ఇన్ని చేతుల ప్రయాణమును బొమ్మ గీసి చూపి, ఎచ్చట ఎన్ని దినములు ఆగినదో అంకెలతో చెప్పుటయే బీపీఎం చేయు ప్రథమోపకారము.

పనిని అంగములుగా విడదీసి కొలుచు ఆలోచన పాతది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలరు 1911లో ప్రకటించిన శాస్త్రీయ యాజమాన్య సిద్ధాంతమునందే దాని బీజము కలదు. 1962లో జర్మను గణితజ్ఞుడు కార్ల్ ఆడం పెట్రీ తన పరిశోధన వ్యాసమున ప్రతిపాదించిన వలచిత్రములు, ఏకకాలమున నడచు అనేక క్రియలను నిర్దుష్టముగా గీయుటకు భాషనిచ్చినవి. 1970 దశకమున జిరాక్సు సంస్థ పరిశోధనాలయమునందును అమెరికను విశ్వవిద్యాలయములందును ఆఫీసు పనిని యంత్రమునకు నేర్పు ప్రయోగములు జరిగినవి. 1982లో పుట్టిన ఫైల్‌నెట్ సంస్థ కాగితముల ఛాయాచిత్రములను ఒక బల్లనుండి మఱియొక బల్లకు కంప్యూటరు ద్వారా పంపుటను వ్యాపారముగా చేసెను. 1990లో మైకేల్ హామరు వ్రాసిన ప్రసిద్ధ వ్యాసము, పాతవిధానమును ఉన్నదున్నట్లు యంత్రమున కెక్కించుట వ్యర్థమనియు, అనవసరమైన అడుగులను మొదట నిర్మూలింపవలెననియు గట్టిగా వాదించెను. ఆ వాదము పేరు చెప్పుకొని అనేక సంస్థలు అడుగులకు బదులు మనుషులను తొలగించిన మాటయు నిజమే, దానిని చరిత్రకారుడు దాచరాదు. 1993లో వర్క్‌ఫ్లో సంస్థల సమాఖ్య ఏర్పడెను. 2004లో బీపీఎంఎన్ అను చిత్రలిపి వెలువడి, 2011లో రెండవ రూపము దాల్చి, 2013లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడెను.

ఈ చిత్రలిపిని గూర్చి కొంత చెప్పుట అవసరము, ఏలయన ఇది ప్రోగ్రాములు వ్రాయనివారికిని చదువ వీలైనది. పని పుట్టుక ఒక వృత్తము. చేయవలసిన క్రియ మూలలు గుండ్రనైన దీర్ఘచతురస్రము. దారి చీలుచోటు వజ్రాకృతి. ప్రతి శాఖకును ఈత పోటీలోని వరుసవంటి అడ్డుపట్టీ యొకటి. ఓపెన్‌కాస్టులో ఒక డంపరు ఆగిపోయినదనుకొందము. ఫిట్టరు లోపమును గుర్తించుట వృత్తము. విడిభాగము స్టోర్సులో కలదా అనునది మొదటి వజ్రము: కలదన్న ఒక దారి, లేదన్న ఇంకొక దారి. లేనిచో ఇండెంటు, సాంకేతిక పరిశీలన, ధర అంచనా, ఆర్థిక శాఖ సమ్మతి, టెండరు, ఆర్డరు, వచ్చిన సరకు పరీక్ష, బిల్లు చెల్లింపు – ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క పట్టీలో నిలుచును. ఇట్లు గీసి గోడకు తగిలించినప్పుడు, డంపరును బాగుచేయుటకు పట్టు కాలము కొంచెమనియు, ఆ పని తనవంతు వచ్చువరకు పట్టీల నడుమ వేచియుండు కాలమే మిక్కిలి యనియు ఎల్లరకు కన్నులకు కట్టును. బీపీఎంను ఎరిగినవారు మొదట వెదకునది ఈ వేచియుండు కాలమునే. సాఫ్ట్‌వేరు ఆ బొమ్మను చదివి, ప్రతివాని ఎదుట వాని వంతు పనిని నిలిపి, గడువు దాటినచో పై అధికారికి తెలుపును.

సింగరేణిలో స్యాప్ అను జర్మను సంస్థవారి సాఫ్ట్‌వేరు ద్రవ్యము, సరకులు, సిబ్బంది మొదలగు శాఖల లెక్కలను ఒక్కచోటికి చేర్చినది. 1972లో అయిదుగురు ఇంజనీర్లు స్థాపించిన ఆ సంస్థ సాఫ్ట్‌వేరు నేడు లోకమందలి అనేక మహాసంస్థలకు వెన్నెముక. అయినను ఇది ముఖ్యముగా లెక్కల పునాది. దానిమీద అనుమతుల నడకను కట్టుకొనుట వేరొక శ్రమ. తెలుగునేలపై ఆ శ్రమ ప్రభుత్వ కార్యాలయములలో ముందుగా కనబడెను. 2000 తరువాతి తొలి సంవత్సరములలో హైదరాబాదు సచివాలయమున స్మార్ట్‌గవ్ అను పేర ఫైళ్ళను కాగితము లేక నడుపు యత్నము జరిగెను. 2011లో మీసేవ వచ్చెను. 2018లో తెలంగాణ ప్రభుత్వము టీ యాప్ ఫోలియో ద్వారా అనేక సేవలను ఫోనులో చేర్చెను. ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టి, దాని సంఖ్య చూచి, అది ఏ దశలో నున్నదో తెలిసికొను అలవాటు సామాన్య కుటుంబమునకు ఇట్లు అబ్బినది. ఆ అలవాటు కలిగిన మనిషి తన సంస్థనుకూడ అదే ప్రశ్న అడుగును: నా కాగితము ఎక్కడున్నది?

ఫోనులోనికి బీపీఎం వచ్చిన దారి రెండు అంతస్తులుగా సాగెను. మొదట అది అధికారి సౌకర్యముగా వచ్చినది. జేబులోని బ్లాక్‌బెర్రీకి ఈమెయిలు వచ్చుట, దానిలోనే సమ్మతి తెలుపుట ప్రారంభ దశ. 2007లో ఐఫోనును, 2008లో యాప్ స్టోరును ఆండ్రాయిడ్ ఫోనులును వెలువడిన పిమ్మట సాఫ్ట్‌వేరు సంస్థలు మేల్కొన్నవి. స్యాప్ సంస్థ 2010లో సైబేసు అను సంస్థను కొనుట, 2013లో ఫియోరి అను సరళమైన తెరలను వెలువరించుట ఈ మార్పులోని మైలురాళ్ళు. ఇందు తెలుగువారి పాత్రయు స్మరణీయమే. రాజ్ కోనేరు 2007లో స్థాపించిన కోనీ సంస్థ, ఒకమారు వ్రాసిన యాప్ అనేక జాతుల ఫోనులలో నడచునట్లు చేయు వేదికను నిర్మించి, హైదరాబాదులోని తన కేంద్రమున పెక్కుమంది యువ ఇంజనీర్లకు పని నేర్పెను. 2019లో స్విట్జర్లాండుకు చెందిన టెమెనోస్ దానిని కొనెను. అనంతర కాలమున ప్రోగ్రాము వ్రాయకయే బొమ్మలు జరిపి యాప్‌ను కూర్చు సాధనములు వ్యాపించి, శాఖాధికారియే తన వర్క్‌ఫ్లోను తాను గీసికొను స్థితి వచ్చినది.

రెండవ అంతస్తు దీనికంటె ముఖ్యమైనది. సమ్మతి తెలుపు చోటు గాక, విషయము పుట్టు చోటికి ఫోను చేరుట అది. విఱిగిన కన్వేయరు రోలరు ఫోటోను అక్కడికక్కడే తీసి, దాని మీది క్యూఆర్ గుర్తును చదివి, చోటును కాలమును కలిపి ఫిర్యాదుగా పంపినప్పుడు, ఫిట్టరు ఆఫీసునకు వచ్చి గుమాస్తాకు చెప్పగా అతడు తన మాటలలో వ్రాసికొను అడుగే తొలగిపోవును. పెద్ద తెరను చిన్న తెరగా కుదించుట మొబైలీకరణము కాదని నా దృఢాభిప్రాయము. ముప్పది గడుల ఫారమును ఫోనులో చూపించుట మనిషిని శిక్షించుటయే. అతడు నింపవలసినవి రెండో మూడో గడులు. తక్కినవి ఫోనే ఎరిగియుండును.

అయితే బొగ్గుబాయి ఈ ఉత్సాహమునకు ఒక హద్దు గీసినది. మీథేను వాయువు గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్ళ వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. అంత ప్రమాదమునకు చాల ముందే, 1.25 పాళ్ళు దాటగానే, ఆ భాగమున విద్యుత్తును ఆపవలెనని నియమము. అగ్గిపెట్టె, బీడీలు బాయిలోనికి పోరాదని దిగువారిని తడిమి చూచు చోట, రవ్వ పుట్టించగల మామూలు ఫోనునకు చోటెక్కడిది? దోషము కలిగినను రవ్వ పుట్టనంత స్వల్పశక్తితో నడచునట్లు నిర్మించి, పరీక్షలో నెగ్గి, అనుమతి పొందిన పరికరములే లోపలికి పోవలెను, అవి ఖరీదైనవి. అదియుగాక రాతి పొరలు రేడియో తరంగములను మ్రింగివేయును. గ్యాలరీల వెంబడి ప్రత్యేకపు కేబులు పఱచినగాని మాట సాగదు. కావున భూగర్భ గనిలో మొబైలు బీపీఎం అనగా, ఎప్పుడును సంబంధము తెగని ఫోను కాదు. సంబంధము లేనప్పుడు తనలో వ్రాసికొని, దొరకినప్పుడు అప్పగించు పరికరము మాత్రమే. ఇక్కడ సాఫ్ట్‌వేరునకు ఒక కఠిన సమస్య ఎదురగును: లోపల వ్రాసిన మాట పైకి చేరులోపల పైన అదే విషయమున ఇంకొకరు వేరుగా వ్రాసియుండవచ్చును. బిల్లు విషయమైనచో తరువాత వ్రాసినదే నిలుచునని చెప్పి సరిపెట్టవచ్చును. పైకప్పు నిలకడ విషయమున అట్లు చెప్పరాదు. రెండు వ్రాతలును నిలిచి, బాధ్యుడైన మనిషి రెంటిని చదివి తీర్మానింపవలెను. వ్రాసిన కాలమొకటి, చేరిన కాలమొకటి, రెండును విడివిడిగా కనబడవలెను.

ఓపెన్‌కాస్టులో ఈ బాధ తక్కువ. ఆకాశము తెఱచియున్నది, సిగ్నలు అందును. అచ్చట ప్రమాదము వేరు: కదలుచున్న డంపరులో ఆపరేటరు కన్ను తెరమీదికి పోరాదు. కావున ట్రిప్పుల లెక్కను యంత్రమే తనంతట తెలుపుట మేలు, మనిషి వ్రేలితో నొక్కుట కాదు.

2003 సంవత్సరమును గోదావరిఖని మఱువలేదు. ఆ యేడు జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు చొరబడి 17 మంది మరణించిరి. అక్టోబరు 16న జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. సాఫ్ట్‌వేరు ఉండియున్నచో అవి జరిగియుండెడివి కావని చెప్పుటకు నాకు నోరాడదు. అట్టి మాట చనిపోయినవారియెడ అపచారము. కాని గని విధానమును గీయువాడు ఆ రెండు తేదీలను ఎదుట నుంచుకొని గీయవలెనని మాత్రము చెప్పగలను. వ్యాపార లోకమున పుట్టిన బీపీఎం స్వభావము పనిని ముందునకు త్రోయుట: ఆలస్యము దానికి శత్రువు, ఆమోదము దానికి గమ్యము. గనిలో దీనికి విపరీతమైన గుణముకూడ కావలెను. ప్రమాదమని తోచినప్పుడు మనుషులను వెనుకకు రప్పించు బాధ్యతను చట్టము సర్దారుమీదను మోపినది. అట్లే తెరమీద ‘ఆపు’ అను గుర్తు ‘సాగించు’ అను గుర్తుకంటె పెద్దదిగాను, ఒక్క మనిషి నొక్కగల్గునదిగాను, విప్పుటకు ఇద్దరి సంతకములు కావలసినదిగాను ఉండవలెను. అడుగులను తగ్గించుట బీపీఎం ధర్మమైనను, తనిఖీ అడుగును ఎవడును వేగము పేర తగ్గింపరాదు.

తనిఖీ నిజముగా జరిగినదా, పైన కుర్చీలో కూర్చుండియే సంతకము పడినదా అను సందేహమును ఫోను తీర్చగలదు. పరీక్షింపవలసిన చోట నుంచిన గుర్తును చదివినగాని పుట తెరచుకొనకుండ చేయవచ్చును. కాని ఈ కత్తికి రెండువైపుల పదును కలదు. టేలరు కాలమున గడియారము పట్టుకొని కార్మికుని ప్రక్క నిలిచిన మనిషికి బదులు ఇప్పుడు కార్మికుని జేబులోనే గడియారము చేరినది. తనిఖీ స్థలమును చూపుటకని తీసికొన్న చోటు సమాచారము, షిఫ్టు దిగిన పిమ్మట మనిషి ఎక్కడికి పోయెనో చూచుటకు వాడబడరాదు. 2023లో మన దేశమున వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వెలువడినది. చట్టము సరే, ఏ సమాచారము ఏ పనికి తీసికొనబడుచున్నదో యూనియన్లతో ముందుగా మాటలాడుకొని వ్రాసికొన్నచోట యాప్‌మీద నమ్మకము కుదురును. నమ్మకము లేనిచోట అదే యాప్‌లో తప్పుడు వ్రాతలు పెరుగును.

భాష విషయమున ఒక్క మాట. యూనికోడ్ తొలి రూపమునుండియు, అనగా 1991 నుండియు, తెలుగు లిపికి కంప్యూటరులో చోటు కలదు. అయినను తెరలను తెలుగు చేయబూనినవారు తఱచుగా నిఘంటువులో వెదకి, ఎవరును పలుకని పదములు తెచ్చి నింపుదురు. మస్టరును ‘ఉపస్థితి నమోదు’ అనియు, నాగాను ‘అనధికార గైర్హాజరు’ అనియు వ్రాసిన తెరను చూచి బాయి మనిషి అది తనది కాదనుకొనును. మస్టరు, నాగా, సర్దారు – ఇవి ఏ భాషనుండి వచ్చినను నేడు ఈ నేల మాటలే. ఈ వ్యాసమును సంస్కృత పదములతో నింపిన నేను తెరపై మాత్రము వానిని వలదనుచున్నాను. చదువుటకు తీరికగల పుట వేరు, షిఫ్టు దిగి అలసిన చేతిలోని తెర వేరు.

పదవీ విరమణ చేసినవారి సంగతితో ఈ పరిశీలన ఇంకొక దిక్కునకు సాగును. బొగ్గు గనుల భవిష్యనిధి సంస్థ 1948 నాటి చట్టము క్రింద ఏర్పడినది. 1998 నుండి పింఛను పథకమును నడుపుచున్నది. కార్మికుని దావా గనినుండి ఏరియాకును, ఏరియానుండి ఆ సంస్థ ప్రాంతీయ కార్యాలయమునకును పోవును. రెండు వేర్వేరు సంస్థల నడుమ నడచు ఇట్టి విధానమే బీపీఎంలో అన్నిటికంటె దుర్ఘటమైనది, ఏలయన సరిహద్దు దగ్గర కాగితమునకు యజమాని ఎవడో తెలియదు. సీ-డ్యాక్ సంస్థ నిర్మించిన సీ-కేర్స్ అను పోర్టలు ఈ దావాలను కంప్యూటరున నడుపుటకు, దావాదారు తన దావా ఏ దశలో నున్నదో చూచుటకు వెలసినది. ఇక ఏటేట నవంబరులో పింఛనుదారు తాను జీవించియున్నానని నిరూపించు పత్రమునకై 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చెను; 2021 నుండి వ్రేలిముద్ర యంత్రము లేకయే, ఆండ్రాయిడ్ ఫోను కెమేరా ఎదుట ముఖము చూపి దానిని పొందవచ్చును. ఏండ్ల తరబడి బొగ్గు నెత్తి వ్రేలిగీతలు అరిగిపోయిన చేతులకు ఈ మార్పు ఎంత ఉపశమనమో ఊహించుట కష్టము కాదు. ఫోను ఎదుట కూర్చున్న వృద్ధుని తెర అడుగునది ఒక్కటే: ఒక్కసారి కనుఱెప్ప వేయుమని. ఱెప్ప వాల్చి తెరచినంతలో పత్రము సంఖ్య తెరమీదికి వచ్చును. ఆ సంఖ్యను మనుమడు కాగితముముక్కమీద వ్రాసి, పాత పాసుబుక్కులో పెట్టి ఇచ్చును.